తోలుపట్టీ వెనక కాగితం

ఒళ్లో రేకు డబ్బా. వ్యాసం పదమూడంగుళాలు, ఎత్తు ఏడు, మూతకి కాస్త వదులు. కొలతలు నావే, డ్రాయింగు నాదే. శ్రీకాకుళంలో రేకుల పనివాడు నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి మరీ చేశాడు, అయినా సరిగ్గానే వచ్చింది. మూడేళ్లు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన దేవమణి అనే మనిషి ఈ భూమ్మీద కట్టించింది ఇదొక్కటే. వంతెన కాదు, నీళ్ల టాంకీ కాదు, టోపీకి ఇల్లు. లోపల కెప్టెన్ టోపీ ఉంది. జర్మనీకి ఇంకా చక్రవర్తి ఉన్న రోజుల్లో వాళ్ల నౌకాదళంలో ఎవడో పెట్టుకున్నది, మా కళింగపట్నం రేవులో మా నాన్న చేతికి చిక్కి నలభై రెండేళ్లు. నాన్న ఇప్పుడు దాన్ని కావాలన్నాడు. అన్నాడంటే అనలేదు, నోరు పడిపోయి తొమ్మిది రోజులైంది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మంచం మీద పడుకుని, పనిచేసే ఎడం చెయ్యి ఒక్కటీ ఎత్తి, తల చుట్టూ గుండ్రంగా గీత గీసి చూపించాడు. మళ్లీ చూపించాడు. మళ్లీ. వార్డులో వాళ్లు తలనొప్పి అనుకుని నుదుటికి మందు రాశారు, పక్క మంచం ముసలాయన దిష్టి తీయమంటున్నాడన్నాడు, పాస్టరుగారు పరలోక కిరీటం అనుకుని కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం మొదటిసారికే తెలిసిపోయింది. మా నాన్న కృపానిధికి కిరీటాల మీద ఆశ లేదు. టోపీ. ఇంట్లో ఉన్న పదకొండు టోపీల్లో తెల్ల పైగుడ్డ ఉన్నది. డాక్టరుగారు, ఆయన ఏది అడిగితే అది తెచ్చి చూపించెయ్యమ్మా ఆలస్యం చెయ్యకు అన్నారు, ఆ మాట అనేటప్పుడు నా వైపు కాకుండా కిటికీ వైపు చూశారు. అందుకని నిన్న ఊరికి వచ్చి, ఇవాళ మొదటి బస్సుకి డబ్బాతో ఎక్కాను. గంట ప్రయాణం. గంటలో తేల్చుకోవాలి, ఈ టోపీ ఆయన చేతికి వెళ్లాలా వద్దా అని. ఎందుకంటే తెల్లవారుజామున దీపం వెలుగులో టోపీలోంచి నా ఉద్యోగం బయటపడింది.

బస్సు కదిలింది. సముద్రం ఎడమ కిటికీలోంచి వెనక్కి పోయింది, ఎండుచేపల వాసన మాత్రం టిక్కెట్టు లేకుండా మాతో వచ్చింది. ఉద్యోగం బయటపడింది అంటే ఎవరికైనా వెర్రిమాటలా ఉంటుంది కాబట్టి వరసగా అనుకోవాలి, క్రమంలో, పరీక్షలో రాసినట్టు. టోపీ లోపల నుదుటికి తగిలేచోట చుట్టూ ఒక తోలుపట్టీ ఉంటుంది. మా ఊరి ఉప్పుగాలికి అది ఎండి ముడుచుకుపోతుంది, ముడుచుకుంటే కుట్లు తెగుతాయి. అందుకని తోలుకీ గుడ్డకీ మధ్య కాగితం దూర్చాలి, నిలువుగా రెండుసార్లు మడిచి, రెండు వేళ్ల వెడల్పు చేసి, గోటితో మడత నొక్కి. న్యూస్‌పేపరు పనికిరాదు, సిరా అంటుకుంటుంది. నోటుపుస్తకం కాగితం చెమ్మకి పీచయిపోతుంది. దళసరి కాగితం కావాలి, ఆఫీసులవాళ్లు వాడేది, గట్టిది. ఏడాదికోసారి మార్చాలి, మార్చిన తేదీ అంచున పెన్సిలుతో వెయ్యాలి. రేవులో ఓడలు ఆగినన్నాళ్లూ నాన్న పోర్టాఫీసు గుమస్తా, దళసరి కాగితానికి లోటు లేదు. ఓడలు రావడం మానేశాక లోటొచ్చింది. పెళ్లి శుభలేఖలకి కూడా మా నాన్న ఆశగా చూసేవాడు, పెళ్లికి కాదు, అట్టకి. ఇక టోపీని ప్రయాణం చేయించాలంటే కాగితం తీసేసి మెత్తని గుడ్డ పెట్టాలి, అదీ ఆయన రూలే. రూలు ప్రకారం ఇవాళ పొద్దున్న తోలు కింద వేలు పెట్టి కాగితం లాగాను. మడత విప్పాను. పైన నా పేరు టైపు చేసి ఉంది. కుమారి కె. దేవమణి, డి.సి.ఇ. విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట డ్రాయింగాఫీసులో ట్రేసరుగా ఎంపిక చేయడమైనది, జూన్ పన్నెండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు హాజరు కావలెను, రానిచో ఈ నియామకం రద్దు. అంచున పెన్సిలుతో, మా నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో, 4-6-67. అంటే ఇంకా ఎనిమిది రోజులు గడువుండగా. ఇప్పుడు ఏప్రిల్, అరవై ఎనిమిది. పది నెలలు నా ఉద్యోగం చచ్చిపోయిన జర్మన్‌వాడి నుదుటి చెమట పీల్చుకుంటూ కూర్చుంది.

ఆ ఇంటర్వ్యూ గుర్తొస్తోంది, గుర్తు రావద్దంటే వస్తుంది. బల్లకి అవతల ముగ్గురు, ఫ్యాను ఒకటి, అది వాళ్లకే తిరుగుతోంది. వంపులున్న వస్తువు ఏదైనా గియ్యమ్మా, చేత్తో, కొలతలతో అన్నారు. మిగతా వాళ్లంతా కూజా గీశారట. నేను కెప్టెన్ టోపీ గీశాను, పైనుంచి, ముందునుంచి, మధ్యకి కోస్తే ఎలా ఉంటుందో అలా. నుదుటి మీది బిళ్లతో సహా, మధ్యలో ఎరుపు, చుట్టూ తెలుపు, ఆపైన నలుపు, ఇరువైపులా బంగారుదారం ఆకులు, నెత్తిన బుల్లి కిరీటం. కళ్లు మూసుకుని గియ్యగలను. నాన్న నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించిందే అందుకు. ఊళ్లో అందరూ, ఆడపిల్లని ముప్పై ఆరుమంది మగపిల్లల మధ్య కూర్చోబెట్టాడు, ఎంత గుండె ధైర్యం, ఎంత గొప్ప తండ్రి అన్నారు. హాంబర్గులో పాతసామాన్ల షావుకారుకి టోపీల డ్రాయింగులు పంపితే బదులుగా ఏయే టోపీలు ఉన్నాయో రాస్తానన్నాడు, ఫొటోలు ఖరీదు, కూతురు చవక. అదీ గుండె ధైర్యం. ఆ ముగ్గురిలో పెద్దాయన కాగితం ఎత్తి చూసి, ఓడలు గీయమంటే ఓడవాళ్ల నెత్తి గీశావే అని నవ్వాడు. నాకు అప్పుడే తెలుసు వస్తుందని. ఈ టోపీయే నాకు ఉద్యోగం ఇప్పించింది, ఈ టోపీయే తినేసింది. పెట్టిన చేత్తోనే లాక్కున్నట్టు, కానీ టోపీకి చేతులెక్కడివి.

రాలేదు కదా అని గత జూన్ అంతా ఏడ్చాను. మా ఇంటి టపా నాన్నే వెళ్లి తెచ్చేవాడు, జర్మనీ పార్సెలు మీద పోస్టుమాస్టరు వేలిముద్రలు పడకూడదని. రోజూ గుమ్మంలో నిలబడేదాన్ని. రోజూ గొడుగు మూసి, చెప్పులు విడిచి, తల అడ్డంగా ఊపేవాడు. పన్నెండో తేదీ కూడా ఊపాడు. అది పన్నెండో తేదీ అని నాకు తెలియదు, ఆయనకి తెలుసు. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "ఆడపిల్లని ఓడల కాడికి ఎవుడు రానిత్తాడే మణీ. ప్రభువు నీకు ఇక్కడే పనెట్టినాడు, ఏడవకు" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశాడు, పొడుగాటి ప్రార్థన, నిరాశలో ఉన్న నీ కుమార్తెని ఓదార్చు తండ్రీ అని. ఆమెన్ అన్నాను. ఆమెన్ అని కళ్లు తుడుచుకోగానే, "ఆ బ్రష్షిలా అందుకో, బూజట్టినట్టున్నాది" అన్నాడు. అప్పటినుంచీ పగలు మిషను బళ్లో పిల్లలకి ఎక్కాలు, సాయంత్రం టోపీలకి బ్రష్షు. ఒక్క టోపీకి నలభై దెబ్బలు, ఉన్ని వాలిన వైపే, ఎదురు బ్రష్షు చేస్తే చంపేస్తాడు.

పొద్దున్నుంచీ నన్ను కొరుకుతున్నది ఒకటే ప్రశ్న. దొంగిలించాడా, వాడుకున్నాడా? నేను వెళ్లిపోతే పదకొండు టోపీలు ఎవరు చూస్తారని భయపడి దాచేస్తే, అది దొంగతనం. దొంగతనమైతే నయం. దొంగతనానికి నేను కావాలి కదా, నా విలువ తెలిస్తేనే కదా దొంగిలించేది. బీరువాలో పెట్టి తాళం వేసినా, చింపి సముద్రంలో పారేసినా, ఈయన నన్ను వదులుకోలేకపోయాడు అని చెప్పుకోవచ్చు. కానీ మడత పెట్టాడు. గోటితో నొక్కాడు. తేదీ వేశాడు. ఎక్కడా చెయ్యి వణకలేదు, ఆ పెన్సిలు అంకెల్లో నాలుగు ఎంత తీరుగా ఉందో. ఆ కాగితం అందుకున్న రోజు మా నాన్న ఏం చూశాడు, నా పేరు చూశాడా, కాగితం మందం చూశాడా? వేళ్ల మధ్య పెట్టి రాసి చూసి, ఆహా ఇది గట్టి సరుకు అనుకున్నాడా? ఇది నాకు తెలియాలి. ఆయనకి నోరు లేదు, రోజులూ లేవంటున్నారు. అదొక్కటి తెలుసుకోకుండా ఆయన్ని పోనివ్వడం నా వల్ల కాదు.

"టిక్కెట్టయిందేటమ్మా డబ్బాకి?" కండక్టరు చినబాబు. డబ్బాకి టిక్కెట్టేమిటి అన్నాను. "ఒళ్లో ఉంటే నేదు, సీటు మీదెడితే ఉంది" అన్నాడు. ఒళ్లోనే ఉంచుకున్నాను. మా అమ్మ జ్ఞానసుందరి కూడా ఇలాగే ఒళ్లో పెట్టుకుందట, యుద్ధంలో, జర్మనీ పేరెత్తితేనే జైలన్న రోజుల్లో పోలీసులు ఇంటికొస్తే. అవి మా ఆయన బ్యాండుమేళం టోపీలు బాబూ, పెళ్లిళ్లకి పెట్టుకుంటాడు అందట. ఏం వాయిస్తాడు అని హెడ్డు అడిగితే డోలు అందట. మరి డోలేదీ అంటే తాకట్టులో ఉందందట. నవ్వుకుంటూ పోయారట వాళ్లు. జైలు తప్పించిన అమ్మకి నాన్న ఏం చేశాడు? యుద్ధం అయ్యాక హాంబర్గు షావుకారు మళ్లీ ఉత్తరం రాస్తే, రెండు కొమ్ముల దర్బారు టోపీ ఒకటుంది, మీ దేశపు సన్నబట్ట ఏదైనా పంపు, మా ఆవిడకి ఇష్టం అంటే, అమ్మ పెళ్లినాటి పొందూరు చీర పంపాడు. అడిగే పంపాడు, అది ఒప్పుకోవాలి. పంపనా అని అడిగాడు, అమ్మ పంపు అంది. అమ్మ ఎవరైనా అడిగితే లేదనలేదు, అది తెలిసే అడిగాడు. హాంబర్గులో ఎవరో లావుపాటావిడ మా అమ్మ చీరని కిటికీ తెర చేసుకుని ఉంటుంది. పోనీ, గాలి బాగా వస్తుంది ఆ చీరలోంచి.

అమ్మ పోయింది మే నెలలో. నాకు పదిహేనేళ్లు. మేలో టోపీలకి ఎండ చూపించే వారం, డాబా మీద చాప పరిచి వరసగా బోర్లించేవాళ్లం, గంటకోసారి తిప్పేవాళ్లం. అమ్మని సమాధి తోటకి తీసుకెళ్లాం. పెట్టె దించారు. పాస్టరుగారు గుప్పెట్లో మట్టి పట్టుకుని మన్ను మన్నుకు అనబోతున్నారు, పడమటి మబ్బు లేచింది. ఒక చినుకు పెట్టె మూత మీద టప్‌మని పడింది. నాన్న పైకి చూశాడు, డాబా వైపు చూశాడు, నా చెవి దగ్గర వంగి, నాన్న నా చెవిలో ఏదో ఓదార్పు చెబుతాడని నేను తల వంచాను, "టోపీలు బయట ఒగ్గేసినాం" అన్నాడు. అని పరిగెత్తాడు. యాభై ఏడేళ్ల మనిషి, పెళ్లాం గోతిలో ఉండగా, నల్ల కోటు వెనక ఎగురుతుంటే సమాధుల మధ్య పరుగు. పాస్టరుగారు మట్టి పట్టుకుని ఆగారు. ఎంతసేపో ఆగారు. తర్వాత నా వైపు చూస్తే, వెయ్యండి అన్నాను. ఆ వాన పడనేలేదు. ఆ ఒక్క చినుకే.

శాలిహుండం కొండ దూరంగా తిరిగింది. బస్సు ఆగింది, గంప ఎక్కింది, గంప కింద మరిడమ్మ ఎక్కింది. ఎండుచేపలమ్మే మనిషి, మా రేవు జాలరిపేటది, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును. చినబాబు ముక్కు మూసుకున్నాడు. "ఓలప్పా, గంప పైకెట్టు. జనం సచ్చిపోతారు ఈ కంపుకి."

"నీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు నా సేపలే తిన్నాదిరా, అప్పుడు సావలేదు నివ్వు" అంది మరిడమ్మ. బస్సంతా నవ్వింది. గంప మాత్రం టాపు మీదకి పోయింది, గంప కిందపెట్టుకునే గుడ్డ చుట్టకుదురుతో సహా. ఆవిడ వచ్చి నా పక్కన సగం సీట్లో కూలబడి, డబ్బా మీద గోటితో టకటకలాడించింది. "ఏటే పాపా, జంతికలా?"

"టోపీ."

"ఓలమ్మో! ఆసుపత్రికా? సచ్చేముందు కూడా టోపీయేనా మీ అయ్యకి?" గట్టిగా నవ్వింది, ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. ఆయనకి కూడా చెప్పాలన్నట్టు గొంతు పెంచింది. "నా పెనిమిటి రాముడు పోయినప్పుడు ఏటైనాదో తెలుసునా నీకు? నివ్వు పుట్టనేదప్పటికి. తెప్ప తిరగబడిపోనాది కెరటాల్లోన. ఊరు ఊరంతా ఒడ్డుకి పరిగెట్టినారు. మీ అయ్యా పరిగెట్టినాడు, పంచె ఎగ్గట్టి పీకల్లోతు దిగిపోనాడు. నానేటనుకున్నాను, దేవుడనుకున్నాను, గుమస్తాబాబు నా మొగుడి కోసం దిగినాడనుకున్నాను. నలుగురు కలిసి నా మొగుణ్ణి లాగినారు, అప్పటికే పోనాడు. మీ అయ్య ఏటి లాగినాడో సెప్పు?"

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా ఏటి అన్నాను, ఆవిడ అడిగినట్టే అన్నాను.

"సట్టి!" తొడ చరుచుకుంది. "కూడొండుకునే నల్ల సట్టి! తేల్తంటే దూరానికి టోపీలాగ కనబడ్డాదంట. పైకి తెచ్చి, తిప్పి సూసి, మళ్లీ నీళ్లల్లోకి ఇసిరేసినాడు. నా సట్టది! మొగుడు పోనాడు సరే, సట్టైనా మిగిలేది నాకు." కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, కొంగుతో తుడుచుకుని, ఇంకా తుడుచుకుంటూ, "అప్పుడే సెప్పినాను మీ అమ్మకి. సచ్చినోడి తలమీది సరుకు ఇంట్లోన ఎట్టుకోకే, సముద్రం అడుగుతాది అని. పోనీసి. ఎవుడి యావ ఆడిది" అని కిటికీ వైపు తిరిగిపోయింది. నవ్వు ఆగాక ఆ మొహం చూడడం మంచిది కాదని నేను డబ్బా వైపు చూసుకున్నాను.

సముద్రం అడుగుతుందట. నాకు ఇందాక ఆ ఆలోచనే వచ్చింది, నీళ్లల్లో పడేద్దామని. కానీ రేవు వెనకపడిపోయింది, నాగావళి వంతెన శ్రీకాకుళానికి అవతల, ఈ దారిలో చప్టా కింద నీళ్లు కూడా లేవు, ఏప్రిల్. కసిగా ఏదైనా చేద్దామంటే కూడా ఇంజనీరింగు అడ్డొస్తుంది నాకు. పైగా నీళ్లల్లో పడేయడం మర్యాద. నావికుడి టోపీ నీళ్లల్లో పోతే అది గౌరవమే. నిప్పుల్లో వేస్తే మా నాన్నకి అదో హోమంలా ఉంటుంది, మంచి కథ అవుతుంది. గౌరవం లేనిది కావాలి. ఆయన వేళ్లు నా పేరుని ఎలా చూశాయో అలా చూసేది కావాలి, అంటే కోపం లేకుండా, గొడవ లేకుండా, ఉపయోగంగా. అంపోలు దాటింది. ఎవడో సైకిలు మీద మేకపిల్లని వేసుకుని పోతున్నాడు, మేకపిల్ల నన్నే చూసింది. తిరిగి ఇచ్చేద్దామా. ఇచ్చేస్తే ఏమవుతుంది, నాన్న ఎడం చేత్తో తడుముతాడు, తోలుపట్టీ కింద వేలు పెడతాడు, కాగితం లేదని తెలుసుకుంటాడు, నా వైపు చూస్తాడు. ఆ చూపులో ఏదైనా ఉంటే. ఉంటే క్షమించేస్తానేమో, నాకు అదే భయంగా ఉంది. ఇరవై రెండేళ్లకే అమ్మలా అడిగిందల్లా ఇచ్చేసే మనిషినైపోతానేమోనని. అయినా టోపీ చేతిలో ఉంటే ఆ చూపు టోపీ మీదే ఉంటుంది. దాన్ని మధ్యలోంచి తీసేస్తేనే తేలుతుంది. టోపీ తీసేసి కాగితం ఒక్కటే పెడితే. పరీక్ష అంటే అంతే కదా, ఒకటి తీసేసి మిగిలింది ఎటు వంగుతుందో చూడడం. లాబులో ఇనుపకడ్డీకి అలాగే చేశాం, విరిగేదాకా. విరిగినప్పుడు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

శ్రీకాకుళం బస్టాండులో దుమ్ము మా కంటే ముందు దిగింది. టాపు మీంచి గంప దించారు. చుట్టకుదురు లేదు, దారిలో గాలికి ఎగిరిపోయింది. "ఒరే సినబాబూ, నా కుదురేదిరా? మణుగు గంప బోడినెత్తి మీదెట్టుకుని బజారు దాకా పోనా? నీ నెత్తి ఇయ్యి, ఎట్టుకుంతాను!" అని మరిడమ్మ రాగం తీసింది. "నా నెత్తి ఖాళీ నేదప్పా, పెళ్లాం ఎక్కేసినాది" అన్నాడు చినబాబు విజిలు ఊదుతూ. నేను అరుగు మీద డబ్బా పెట్టి మూత తీశాను. ఆలోచించలేదు అంటే అబద్ధం, గంట నుంచీ అదే పని. తెల్ల పైగుడ్డ ఎండలో మెరిసింది, నిజంగా అందమైన వస్తువు, చూపు తిప్పుకోలేం, దాన్ని చేసినవాడు పని తెలిసినవాడు.

"ఇది పెట్టుకో."

మరిడమ్మ టోపీ వైపు చూసింది, నా వైపు చూసింది. ఈసారి నవ్వలేదు. "మీ అయ్యది కాదేటే?"

"సట్టికి బదులు."

అందుకుంది. వెనక్కి తిప్పి చూసి, మెత్తదనం బొటనవేలితో నొక్కి చూసి, మెరిసే రేకులాంటి ముందు అంచు తనకి అడ్డమని మెడవైపు తిప్పుకుంది. తెల్లగుడ్డ పైకి రావాలో కిందికి రావాలో ఒక్క క్షణం ఆలోచించి, బోర్లించి, నడినెత్తిన పెట్టుకుంది. నేనూ చినబాబూ చెరో పక్కా పట్టి గంప ఎత్తాం. గంప కూర్చుంది. లోపల గుండ్రంగా ఉండే ఇనుపతీగ ఫట్‌మంది, చిన్న చప్పుడు, నాకు ఆ చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో అంగుళంతో సహా తెలుసు. ఎండుచేపల ఉప్పునీరు ఒక చుక్క గంప అంచున ఊరి, బుల్లి కిరీటం మీద పడి, బంగారుదారం ఆకుల మీదుగా జారింది. "బాగున్నాదే పాపా. గుచ్చుకోడం నేదు" అని నడుం ఊపుకుంటూ బజారు వైపు వెళ్లిపోయింది. నలభై రెండేళ్లు. ఉన్ని వాలిన వైపే నలభై దెబ్బలు. నాకు ఏడుపొస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను, రాలేదు. డబ్బాలో కాగితం పరిచాను, మడత విప్పి, పేరు పైకి వచ్చేలా. మూత పెట్టాను. కాస్త వదులు.

ఆసుపత్రిలో నర్సు పద్మకుమారి వరండాలోనే ఎదురొచ్చింది. "తెచ్చినావా అమ్మా? పొద్దున్నుంచీ ఆ సెయ్యి దింపడం నేదు, తల సుట్టూ అదే గీత." లోపలికి నడిచాం. నాన్న డబ్బా చూశాడు. సగం మొహం కదిలింది, రెండో సగం దానికి సంబంధం లేనట్టు ఊరుకుంది. డబ్బా ఆయన రొమ్ము మీద పెట్టి మూత నేనే తీసి, మొహం దగ్గరికి వంగాను. కళ్లలోకి చూస్తూ వంగాను, సమాధి తోటలో తల వంచినట్టే. చూశాడు. చదివాడు, కనుపాపలు ఎడమనుంచి కుడికి వెళ్లడం నేను చూశాను, నా పేరు దగ్గర ఆగాయేమో కూడా చూశాను. ఆగలేదు. ఎడం చెయ్యి డబ్బాలోకి వెళ్లి కాగితాన్ని బయటికి తీసింది. గెడ్డం కింద ఒక కొస నొక్కిపట్టుకున్నాడు. రెండో కొసని వేళ్లతో లాగి నిలువుగా మడిచాడు. వంకరగా వచ్చింది, విప్పి సరిచేసుకున్నాడు. మళ్లీ మడిచాడు. రెండు వేళ్ల వెడల్పు. పనిచేసే గోటితో మడత పొడుగునా నొక్కాడు, ఈ చివరనుంచి ఆ చివరిదాకా, శ్రద్ధగా. తర్వాత మడిచిన కాగితాన్ని రొమ్ము మీద సిద్ధంగా పెట్టుకుని, టోపీ కోసం నా వైపు చెయ్యి చాపాడు.

తెలిసిపోయింది. కాగితమే. గట్టి కాగితం.

పద్మకుమారి నా భుజం తట్టింది. "సూడమ్మా, నీ సెయ్యి అడుగుతన్నాడు పాపం. ఎంత పేణమో కూతురంటే. పట్టుకో తల్లీ."

పట్టుకున్నాను. ఆ చెయ్యి అర్థంకానట్టు ఆగింది. తర్వాత కదిలింది, వదిలించుకుని పైకి లేచి తల చుట్టూ గీత గీయాలని చూసింది. వదల్లేదు. ఖాళీ డబ్బా రొమ్ము మీంచి దొర్లి నేల మీద పడి గుండ్రంగా తిరిగింది. నర్సు కళ్లొత్తుకుంటోంది. ఆయన గుంజుతున్నాడు, రోగికి ఉండకూడనంత బలంగా గుంజుతున్నాడు, సగం నోట్లోంచి టో, టో అని గాలి వస్తోంది. ఇక్కడే ఉన్నాను నాన్నా అన్నాను, అందరికీ వినబడేలా, మెత్తగా. ఆయనకి పనిచేసే చెయ్యి ఒకటే. నాకు రెండున్నాయి.